గడ్డ కరిగే ఇంజెక్షన్ చేశాక యాంజియో ఎప్పుడు? ఇంట్లోవాళ్ళు టైం చూస్కుని చెయ్యాల్సిన పనులు

హార్ట్ ఎటాక్ వచ్చింది, దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్తే గడ్డ కరిగే ఇంజెక్షన్ చేశారు, గంటలో నొప్పి తగ్గింది, మనిషి లేచి కూర్చుని కాఫీ అడుగుతున్నాడు. ఇక్కడే మనోళ్ళు చాలామంది ఆగిపోతారు. "గండం గడిచింది కదండీ, యాంజియో సంగతి పండగ అయ్యాక చూద్దాం" అంటారు. ఇంకొంతమంది దానికి పూర్తిగా రివర్స్, "ఇంజెక్షన్ అయిపోయింది కదా ఇప్పుడే స్టెంట్ వేసెయ్యండి, ఎందుకు ఆపుతున్నారు, డబ్బులు కట్టలేం అనుకుంటున్నారా" అని డ్యూటీ డాక్టర్ మీదకి వెళ్తారు. రెండూ పేషెంటుకి మంచిది కాదు. యాంజియో అంటే గుండె రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి బ్లాక్ ఎక్కడుందో చూడటం, అవసరమైతే అక్కడే బెలూనుతో నాళం తెరిచి స్టెంట్ అనే చిన్న జాలీ గొట్టం పెడతారు, ఆ తెరవడాన్నే యాంజియోప్లాస్టీ అంటారు. ఇంజెక్షన్ పనిచేస్తే యాంజియో చెయ్యాల్సిన టైం 2 గంటల తర్వాత, 24 గంటల లోపల. పనిచెయ్యకపోతే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, వెంటనే. ఈ రెండిట్లో మీవాళ్ళది ఏదో తేలేది ఇంజెక్షన్ అయిన గంటా గంటన్నరకి తీసే ఈసీజీలో.

నేను గుంటూరులో క్యాథ్ ల్యాబ్ (యాంజియో చేసే గది) టెక్నీషియన్ని. మాచర్ల, పిడుగురాళ్ళ, రేపల్లె, బాపట్ల వైపు నుంచి ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటా. డాక్టర్ని కాదు కాబట్టి ఏ మందు వేసుకోవాలో చెప్పను, అది మీ కార్డియాలజిస్టు పని. ఇంట్లోవాళ్ళుగా మీరు ఏం అడగాలి, ఏం రాసి పెట్టుకోవాలి, ఎప్పుడు తొందరపెట్టాలి, ఎప్పుడు ఓపిక పట్టాలి, అది చెప్తా.

ముందు అసలు ఎందుకు ఆగాలో ఎందుకు ఎక్కువ ఆగకూడదో అర్థమైతే మిగతావన్నీ సులువు. గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకుని ముందే సన్నబడిపోయి ఉంటది, ఆ కొవ్వు పొర పగిలి దాని మీద రక్తం గడ్డ కడితే అది పూర్తిగా మూసుకుపోతుంది, అదే ఎటాక్. ఇంజెక్షన్ కరిగించేది ఆ గడ్డని మాత్రమే, కొవ్వు బ్లాక్ అలాగే ఉంటుంది. బందరు కాలవలో తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడితే దాన్ని లాగేస్తే నీళ్ళు పోతాయి, కానీ తూము సన్నగానే ఉంది కదా, రేపు మళ్ళీ అడ్డం పడదని గ్యారంటీ ఏంటి. ఇదీ అంతే, తెరుచుకున్న నాళం మళ్ళీ మూసుకుపోయే ప్రమాదం మొదటి రోజుల్లో బాగా ఎక్కువ. అందుకే 24 గంటలు దాటనివ్వద్దంటారు.

మరి వెంటనే ఎందుకు చెయ్యరు అంటే, గడ్డ కరిగేటప్పుడు దాన్లో చిక్కుకున్న పదార్థాలు బయటికొచ్చి రక్తాన్ని మళ్ళీ గడ్డకట్టే వైపుకే తోస్తాయి, గడ్డ కట్టించే రక్తకణాలైన ప్లేట్‌లెట్లు రెచ్చిపోయి ఉంటాయి, ఆ టైంలో బెలూను పెట్టి స్టెంట్ వేస్తే అక్కడే మళ్ళీ గడ్డ కట్టొచ్చు, ఇంకోపక్క ఇంజెక్షన్ పవర్ ఒంట్లో ఉంది కాబట్టి రక్తస్రావం భయం కూడా ఉంటది. ఇది ఊరికే చెప్పే మాట కాదు. అసెంట్-4 అని ఒక పెద్ద స్టడీ, 2006లో వచ్చింది, నేరుగా యాంజియోప్లాస్టీకి వెళ్ళేవాళ్ళలో సగం మందికి ముందు టెనెక్టిప్లేస్ అనే గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే స్టెంట్‌కి తీసుకెళ్ళారు, ఆస్పత్రిలో ఉండగా చనిపోయినవాళ్ళు ఇంజెక్షన్ గ్రూపులో 6 శాతం, ఇంజెక్షన్ లేనివాళ్ళలో 3 శాతం. స్టడీనే మధ్యలో ఆపేశారు. కాబట్టి ఇంజెక్షన్ పనిచేసి మనిషి నిలకడగా ఉన్నప్పుడు డాక్టర్ "రెండు మూడు గంటలు ఆగుదాం" అంటే అది నిర్లక్ష్యం కాదండీ.

సరే, పనుల్లోకి వద్దాం.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది అసలు ఇంజెక్షన్ అవసరమా అని. మీరు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో గుంటూరు అరండల్‌పేటలోనో ఉండి ఎటాక్ అని ఈసీజీలో తేలితే ఇంజెక్షన్ కోసం చూడకుండా నేరుగా క్యాథ్ ల్యాబ్‌కి పోవడమే బెస్ట్, ప్రైమరీ యాంజియోప్లాస్టీ అంటారు. ఈసీజీలో ఎటాక్ అని తేలిన దగ్గర్నుంచి 2 గంటల లోపల నాళంలోకి వైరు వెళ్ళగలిగితే అదే చెయ్యాలి, వెళ్ళలేకపోతే ఇంజెక్షన్ వెంటనే పడాలి. ఇక్కడ జనం పొరబడేది ఏంటంటే రోడ్డు టైం ఒక్కటే లెక్కేస్తారు, "తెనాలి నుంచి గుంటూరు ఎంతసేపు, ముప్పావు గంట" అని. ఆంబులెన్స్ రావాలి, ఎక్కించాలి, అక్కడ దించాలి, టీమ్ అర్ధరాత్రి ఇంట్లోంచి రావాలి, ఇవన్నీ కలిపి 2 గంటలు. వెళ్ళబోయే ఆస్పత్రికి ఫోన్ చేసి "మీ ల్యాబ్ ఇప్పుడు రెడీగా ఉందా, టీమ్ ఉందా" అని సూటిగా అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు.

మాచర్ల, వినుకొండ, తిరువూరు, అవనిగడ్డ లాంటి చోట్ల ఉంటే లెక్క మారిపోతుంది, అక్కడ ఇంజెక్షనే ప్రాణం. నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వొచ్చు కానీ మొదటి 3 గంటల్లో ఇస్తేనే దాని అసలు బలం కనపడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం స్టెమీ (నాళం పూర్తిగా మూసుకుపోయే హార్ట్ ఎటాక్) ప్రోగ్రాం కింద ఏరియా ఆస్పత్రుల్లో, సీహెచ్‌సీల్లో టెనెక్టిప్లేస్ ఫ్రీగా ఇస్తోంది, ఈసీజీని పెద్దాస్పత్రిలో కార్డియాలజిస్టు చూసి చెప్తే అక్కడే చేసేస్తారు, మన వైపు ఆ పెద్దాస్పత్రి గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి). బయట కొంటే అది పదుల వేలల్లో ఉండే మందు. అందుకని "గవర్నమెంట్ ఆస్పత్రిలో ఏముంటది, నేరుగా బెజవాడ పోదాం" అని సొంత కారెక్కేసి రెండున్నర గంటలు గాలికి వదిలెయ్యకండి.

ఇంజెక్షన్ ఇచ్చే ముందు డాక్టర్ గబగబా కొన్ని ప్రశ్నలు వేస్తాడు, ఆ టైంలో పేషెంటు నొప్పితో చెప్పలేడు, మీరే చెప్పాలి. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా, ఈ మధ్య పక్షవాతం వచ్చిందా, నెల లోపల తలకి దెబ్బ తగలడం గానీ పెద్ద ఆపరేషన్ గానీ, కడుపులో అల్సర్ రక్తం పడటం గానీ ఉందా, ఎసిట్రోం లాంటి రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారా. "ఇవన్నీ చెప్తే ఇంజెక్షన్ ఇవ్వరేమో" అని దాచేవాళ్ళు ఉన్నారు. దాచొద్దు దయచేసి. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో నూటికి ఒకరి దాకా మెదడులో రక్తస్రావం అయ్యే అవకాశం ఎలాగూ ఉంది, పై విషయాలు ఉన్నవాళ్ళకి అది ఇంకా పెరుగుతుంది. వాళ్ళలో చాలామందికి ఎంత దూరమైనా యాంజియోప్లాస్టీయే దారి. 75 దాటిన పెద్దవాళ్ళకి టెనెక్టిప్లేస్ డోసు సగానికి తగ్గిస్తారు, కాబట్టి వయసు కరెక్టుగా చెప్పండి, ఆధార్‌లో తప్పు పుట్టిన తేదీ ఉంటే అసలు వయసు కూడా నోటితో చెప్పండి.

ఇంజెక్షన్ పడింది. ఆ నిమిషమే ఫోన్లో టైం చూసి రాసుకోండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఇక్కణ్ణుంచి అన్నీ ఆ టైం మీదే నడుస్తాయి. టెనెక్టిప్లేస్ అయితే బరువుని బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాముల లోపు ఒకేసారి, సెకన్లలో అయిపోద్ది. స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంట పాటు డ్రిప్పులో ఎక్కిస్తారు, దానికి మొదలుపెట్టిన టైం రాసుకోండి. మందు పేరు కూడా రాయండి, ఎందుకంటే స్ట్రెప్టో ఒకసారి తీసుకున్నవాళ్ళకి మళ్ళీ అదే ఇవ్వకూడదు. రిఫరల్ చీటీ మీద "లైసిస్ చేశాం" అని, అంటే గడ్డ కరిగే ఇంజెక్షన్ చేశామని, ఒక్క ముక్క రాసి పంపేస్తారు కొన్నిచోట్ల, టైం ఉండదు, మేం ఇక్కడ పేషెంటు భార్యని అడిగితే "రాత్రి అన్నం తిన్నాక బాబూ" అంటుంది పాపం, ఆ అన్నం ఎన్నింటికి తిన్నారో మాకెలా తెలుస్తుంది.

ఇంజెక్షన్ ముందు తీసిన ఈసీజీని కూడా వెలుతురులో పెట్టి నీట్‌గా ఫోటో తియ్యండి, మడతలు లేకుండా, పేరూ టైం కనపడేలా. ఆ కాగితం ఎంత విలువైందో చెప్తా. ఈసీజీ పేపర్ మీద చిన్న చిన్న గడులుంటాయి, ఒక్కోటి 1 మిల్లీమీటరు ఎత్తు. ఎటాక్‌లో గీత మామూలుగా ఉండాల్సిన చోటి నుంచి పైకి లేచిపోతుంది, దాన్నే ఎస్‌టీ ఎలివేషన్ అంటారు. అనుకోండి ఛాతీ మీద పెట్టే వైర్లలో ఒకటైన వి3 అనే లీడ్‌లో అన్ని లీడ్ల కంటే ఎక్కువగా 4 గడులు లేచింది. ఇంజెక్షన్ అయిన 60 నుంచి 90 నిమిషాలకి మళ్ళీ ఈసీజీ తీస్తే అదే వి3లో అది 2 గడులు గానీ ఇంకా కిందకి గానీ దిగాలి, అంటే కనీసం సగం తగ్గాలి. అప్పుడు ఇంజెక్షన్ పనిచేసినట్టు. 3 గడుల దగ్గరే ఉండిపోతే పనిచెయ్యనట్టే లెక్క. పాత కాగితం పోగొట్టుకుంటే దేనితో పోల్చాలి చెప్పండి?

నొప్పి తగ్గడం ఒక్కటే నమ్మొద్దు. మార్ఫిన్ లాంటి నొప్పి మందు ఇచ్చి ఉంటే నాళం మూసుకునే ఉన్నా నొప్పి తెలీదు, షుగర్ ఎక్కువ ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి అసలే నొప్పి సరిగ్గా తెలీదు. నొప్పి, బీపీ, ఈసీజీ మూడూ కలిపి డాక్టర్ చూస్తాడు. నాళం తెరుచుకున్నప్పుడు కొందరికి కాసేపు గుండె లయ తప్పి మానిటర్ మోగుతుంది, చాలాసార్లు అది రక్తం మళ్ళీ పారుతోందనడానికి గుర్తే, కానీ అది తేల్చాల్సింది వాళ్ళే, మీరు మానిటర్ చూస్తూ కంగారుపడకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ 90 నిమిషాల ఈసీజీ కోసం చిన్నాస్పత్రిలో కూర్చోవద్దు. ఇంజెక్షన్ అవగానే బయల్దేరిపోవాలి, ఆ ఈసీజీ దారిలోనో పెద్దాస్పత్రిలోనో తీస్తారు. ఎందుకంటే పనిచెయ్యలేదని అప్పుడు తెలిస్తే అక్కణ్ణుంచి బయల్దేరడానికి ఇంకో గంట పోతుంది. స్ట్రీమ్ అనే స్టడీలో, 2013లో వచ్చింది, నొప్పి మొదలైన 3 గంటల లోపు టెనెక్టిప్లేస్ తీసుకున్నవాళ్ళలో కూడా 36 శాతం మందికి అర్జెంటుగా యాంజియో చెయ్యాల్సి వచ్చింది. ముగ్గురిలో ఒకరి కంటే ఎక్కువ! మీవాళ్ళు ఆ ఒకరు కారని ముందే ఎవరు చెప్పగలరు. సొంత కారు వద్దు, గుండెకి కరెంటు షాక్ ఇచ్చే మెషిన్ ఉన్న ఆంబులెన్స్, 108 కి కాల్ చేసి హార్ట్ ఎటాక్ కేసు, ఇంజెక్షన్ చేశారు అని చెప్పండి. మాచర్ల నుంచి వస్తే పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా గుంటూరు రెండు గంటల పైమాటే, దారిలో గుండె లయ తప్పితే మీ కార్లో ఏం చెయ్యగలరు.

టైం లెక్క ఒకసారి వేసి చూపిస్తా. రాత్రి 11:30కి నొప్పి, 1:00కి మాచర్ల ఆస్పత్రి, 1:10కి ఇంజెక్షన్. వెంటనే బయల్దేరారు. 2:40 లోపల రెండో ఈసీజీ. అది బావుంటే యాంజియో కిటికీ, అంటే అది చెయ్యడానికి సరైన టైం, తెల్లారుజామున 3:10కి తెరుచుకుంటది, మళ్ళీ రాత్రి 1:10కి మూసుకుంటది. అంటే గుంటూరు చేరేసరికి 3:30 అయినా కంగారు లేదు, ఐసీయూలో పడుకోబెట్టి బ్లడ్ టెస్టులు చేసి పొద్దున 9కో 10కో ఫుల్ టీమ్ ఉన్నప్పుడు తీసుకెళ్తే చక్కగా కిటికీ మధ్యలో పడుతుంది. స్ట్రీమ్‌లో కూడా ఇంజెక్షన్ పనిచేసినవాళ్ళకి యాంజియో చేసింది సగటున 17 గంటలకి. అదే 2:40 ఈసీజీలో గీత దిగలేదంటే పొద్దున దాకా ఆగే ప్రశ్నే లేదు, చేరగానే నేరుగా ల్యాబ్‌లోకి. దీన్ని రెస్క్యూ అంటారు. రెండో డోసు ఇంజెక్షన్ ఇద్దామా అని ఎవరైనా అంటే, 2005లో వచ్చిన రియాక్ట్ స్టడీలో అది మామూలు మందుల కంటే ఏం గొప్ప చెయ్యలేదు, రెస్క్యూ యాంజియోప్లాస్టీయే బాగా కాపాడింది.

ఈసీజీ బావున్నా సరే, తర్వాత ఎప్పుడైనా ఇవి కనపడితే కిటికీ లెక్క పక్కన పెట్టేసి వెంటనే చెయ్యాలి: నొప్పి మళ్ళీ రావడం, బీపీ పడిపోయి చేతులు కాళ్ళు చల్లబడి చెమటలు పట్టడం, ఆయాసంతో పడుకోలేకపోవడం, గుండె లయ ప్రమాదకరంగా తప్పడం, ఈసీజీలో గీత మళ్ళీ లేవడం. "ఇంకా 2 గంటలు కాలేదుగా" అని బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న మనిషిని ఆపరు, ఆపకూడదు. ఐసీయూ బయట కూర్చున్నప్పుడు నర్స్‌ని ఒక్క ముక్క అడిగి పెట్టుకోండి, "సిస్టర్, నొప్పి మళ్ళీ వస్తే ఇంకో ఈసీజీ తీస్తారు కదా" అని.

ఈ మధ్యలో రక్తస్రావం మీద ఒక కన్నుండాలి. తీవ్రమైన తలనొప్పి, వాంతి, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం, మగతగా ఉండటం, వీటిలో ఏదొచ్చినా వెంటనే అరిచి పిలవండి, మెదడుకి సీటీ స్కాన్ తియ్యాలి. రక్తపు వాంతి, నల్లటి విరేచనం కూడా అంతే. చిగుళ్ళ నుంచి కాస్త రక్తం, సూది గుచ్చిన చోట కమిలిపోవడం మామూలే కానీ చెప్పండి. ఎవరైనా కండకి ఇంజెక్షన్ చెయ్యబోతే గడ్డ కరిగే మందు ఇచ్చారని గుర్తు చెయ్యండి, ఆ రోజు కండకి సూదులు వద్దు. మంచం దిగనివ్వద్దు, చుట్టాలు పండ్లూ ఫలారాలూ తెచ్చి తినిపించొద్దు.

ఇప్పుడు ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చెప్తా, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మందుల వల్ల, మెషిన్ల వల్ల కాదు, సంతకం దగ్గర. పెద్దబ్బాయి హైదరాబాద్ నుంచి బయల్దేరాడు వచ్చాక పెడతాం అంటారు, అల్లుడుగారిని అడగాలంటారు, ఇవాళ అమావాస్య అంటారు, బాబాయి "నొప్పి తగ్గాక కూడా స్టెంటా, అది డబ్బుల కోసమే" అని ఫోన్లో చెప్తాడు, అలా 24 గంటలు కరిగిపోతాయి. నిజం చెప్తున్నా, డబ్బుల కోసం అనవసరంగా స్టెంట్ వేశారన్న అనుమానం జనానికి ఊరికే రాలేదు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇంజెక్షన్ తర్వాత మొదటి రోజు యాంజియో ఆ కోవలోది కాదు. కెనడాలో చేసిన ట్రాన్స్‌ఫర్ ఏఎంఐ స్టడీ, 2009లో వచ్చింది, దాంట్లో ఇంజెక్షన్ తర్వాత 6 గంటల లోపే పంపించి యాంజియో చేసినవాళ్ళలో నెల లోపు మరణం, మళ్ళీ ఎటాక్, మళ్ళీ గుండెనొప్పి, గుండె ఫెయిల్యూర్, షాక్ ఇవన్నీ కలిపి 11 శాతం మందికి, పాత పద్ధతిలో అవసరమైతేనే చేద్దాం అని ఆగినవాళ్ళలో 17 శాతం మందికి వచ్చాయి. అబ్బాయిని వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడించండి, అల్లుడుగారినీ అందులోనే కలపండి, సంతకం మాత్రం అక్కడున్నవాళ్ళు పెట్టేయండి.

డబ్బు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ, దాంట్లో యాంజియోప్లాస్టీ ఉంది. ఎమర్జెన్సీలో ఫోన్ మీదే అప్రూవల్ తీసుకుని మొదలుపెట్టే ఏర్పాటు ఉంది, కాగితాలు తర్వాత. కాబట్టి ఒకరు పేషెంటు దగ్గరుంటే ఇంకొకరు కార్డు, ఆధార్ పట్టుకుని ఆస్పత్రిలో ఉండే ఆ స్కీమ్ డెస్క్ దగ్గరికి వెంటనే వెళ్ళండి, పొద్దున చూద్దాం అనుకోవద్దు. డబ్బు కట్టి చేయించుకునేవాళ్ళు బిల్లులో స్టెంట్ ధర, కంపెనీ పేరు విడిగా చూపించమనండి, 2017 నుంచి స్టెంట్ ధరలకి కేంద్రం సీలింగ్ పెట్టింది, అడిగే హక్కు మీది.

ల్యాబ్‌లోకి తీసుకెళ్ళే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో, కిడ్నీ సమస్య ఉందో లేదో, ఇదివరకు సీటీకి డై (నాళాలు కనపడటానికి ఎక్కించే మందు) ఎక్కించినప్పుడు దద్దుర్లు వచ్చాయేమో చెప్పండి. షుగర్ మాత్రలు, ముఖ్యంగా మెట్‌ఫార్మిన్, మీరే ఆపెయ్యొద్దు, మీరే వేసెయ్యొద్దు, అడగండి. చెయ్యి మణికట్టు నుంచి చెయ్యగలరా అని కూడా అడగొచ్చు, ఇంజెక్షన్ ప్రభావం ఒంట్లో ఉన్నవాళ్ళకి తొడ కంటే మణికట్టు దారిలో రక్తస్రావం తక్కువ, మేం కూడా కుదిరినంతవరకు అదే చూస్తాం. లోపల చూశాక స్టెంట్ పడొచ్చు, మూడు నాళాల్లో బ్లాకులుంటే బైపాస్ అనొచ్చు, ఒక్కోసారి గడ్డ పూర్తిగా కరిగి బ్లాక్ చిన్నదే ఉంటే మందులతో సరిపెట్టొచ్చు. యాంజియో అంటే ఖాయంగా స్టెంటే అనుకుని వెనకాడక్కర్లేదు.

24 గంటలు దాటిపోయాక వస్తే? వచ్చెయ్యండి, వీలైనంత త్వరగా చేస్తారు, కిటికీ దాటిందని తలుపు మూసెయ్యరు. కానీ రోజులు గడిచిపోయి, నొప్పి ఏమీ లేకుండా నిలకడగా ఉండి, నాళం మాత్రం పూర్తిగా మూసుకుపోయి ఉన్నవాళ్ళకి దాన్ని తెరిచినా పెద్ద లాభం కనపడలేదు, 2006లో వచ్చిన ఓఏటీ స్టడీ 3 నుంచి 28 రోజుల మధ్య చేసినవాళ్ళలో అదే చూపించింది. వారం తర్వాత తీరిగ్గా వచ్చి "ఇప్పుడు వెయ్యండి" అంటే డాక్టర్ ఎకో (గుండె స్కాన్) తీసి, ఆ గుండె కండలో ప్రాణం ఎంత మిగిలిందో చూసి ఆలోచిస్తాడు, కాదనొచ్చు కూడా.

డిశ్చార్జ్ రోజు మూడు అడిగి తీసుకోండి, యాంజియో సీడీ, స్టెంట్ స్టిక్కర్ అంటించిన కార్డు, ఎకో రిపోర్టు. ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే రెండో రక్తం పలచబడే మాత్ర మామూలుగా ఏడాది పాటు రాస్తారు, గడ్డ కరిగే ఇంజెక్షన్ చేసిన రోజు క్లోపిడోగ్రెల్ ఇచ్చి తర్వాత టికాగ్రెలార్‌కి మార్చడం ఉంది కాబట్టి ఇంట్లో పాత స్ట్రిప్ ఉందని రెండూ కలిపి వెయ్యకండి, ఇప్పుడు ఏది నడుస్తుందో చీటీ మీద గుండ్రంగా చుట్టించుకోండి. పన్ను పీకించాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా ఎవరైనా "ఆ మాత్ర వారం ఆపండి" అంటే ముందు స్టెంట్ వేసిన డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆయన సరేనన్నాకే ఆపండి.